రంగు చెప్పని సాక్ష్యం

ఆ ఏటి ఎండ గురించి ఉన్నదున్నట్టు చెబితే ఎవరూ నమ్మరు. గుట్ట మీది బండలు పగిలి రెండేసి ముక్కలైతే, ఒక ముక్క నీడలో ఇంకో ముక్క తలదాచుకుంది. మేఘం ఒకటి పొరపాటున అటు వచ్చి, కిందికి చూసి, వచ్చిన దారినే వెనక్కి పోయింది. అలాంటి ఎండలో, పంట తీసేసిన వేరుశనగ చేలల్లో ఒక గొర్రెల మంద దిగి ఉంది. తగ్గించి చెబితేనే ఎనిమిది వందలు.

అందులో సగం నల్లగొర్రెలు, ఒత్తు బొచ్చువి, ఎగువ మెట్ట నుంచి వచ్చినవి. సగం ఎర్రగొర్రెలు, పొట్టి వెంట్రుకలవి, దిగువ కాలువల నుంచి వచ్చినవి. ఇద్దరు కాపరులు ఆ వేసవికి పొత్తు కుదుర్చుకుని, పొద్దుగూకగానే అన్నిటినీ కలిపి ఒకే వలకంచెలోకి తోలేవారు. లోపలి వరసల్లో పడుకున్న వాటికి భయం లేదు. వలని ఆనుకుని అంచు వరసలో పడుకున్న వాటికే నక్కల బెడద, తోడేళ్ల బెడద. అంచు వరస ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. అందుకే వంతులు వేసుకునేవారు.

ఆ మందలో నల్లనిదీ ఎర్రనిదీ కాని ప్రాణి ఒకటుంది. కాపరుల కుండలూ గొంగళ్లూ మోసే ముసలి గాడిద, మూటలయ్య. మూటల బరువు కంటే తన గొప్పల బరువే ఎక్కువ మోసేవాడు. ఒకానొక వరదలో వలకంచె, నాలుగు కుండలు, రెండు గొర్రెపిల్లలు, వీటి పైన గుర్రుపెట్టి నిద్రపోతున్న కాపరి, ఇంత బరువూ ఒక్క వీపున వేసుకుని ఏరు దాటించానని, కాపరికి మెలకువైనా రాలేదని చెప్పేవాడు. ఆ ఏరు మోకాలి లోతే కదా మామా అని ఎవరైనా అంటే, మోకాలి లోతే, కానీ ఎవరి మోకాలు, ఏనుగు మోకాలు అనేవాడు. గొర్రెలు నవ్వుకుని మళ్లీ చెప్పించుకునేవి.

చిన్నదాన్ని పెద్దది చేయడం మూటలయ్యకి పుట్టుకతో వచ్చిన విద్య. జన్మలో ఒక్కసారి మాత్రం పెద్దదాన్ని చిన్నది చేశాడు. అది జరిగి నెల రోజులైంది. ఆ నెల రోజులుగా అతనికి తిన్న గడ్డి వంటబట్టడం లేదు.

జరిగిందేమిటంటే, వంకలో నీళ్లు ఎండిపోయి ఇసకలో ఒక్క చెలమ మిగిలింది. ఆ చెలమ దగ్గర నీలవ్వ అనే నల్లగొర్రె కొడుకు, ఏడాది నిండని పొట్టేలు కాటుక, చచ్చిపడి కనిపించాడు. వాడిని ముగ్గురు ఎర్ర పొట్టేళ్లు చుట్టుముట్టి కుమ్మడం మూటలయ్య గట్టు మీద నుంచి కళ్లారా చూశాడు. కానీ సభలో అడిగినప్పుడు అతను చెప్పింది ఒకటే మాట. "ఏదో తోపులాట జరిగినట్టుంది."

ఎర్రగొర్రెలు ఆ మాటని పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాయి. తోపులాట అన్నాక తగలకుండా ఉంటుందా అన్నాయి. నీలవ్వ మాత్రం, ఆనాటి నుంచి మూటలయ్య ఎదురుపడితే తల తిప్పుకుని పోయేది, అంతే.

నెల తిరిగేసరికి అదే చెలమ దగ్గర, అదే ఈడు మరో పొట్టేలు పడిపోయాడు. ఈసారి పోయినవాడు ఎర్రవాడు, దానిమ్మ. కుంకుమమ్మ అనే ఎర్రగొర్రెకి ఒక్కగానొక్క కొడుకు. చంపింది మసెన్న అనే నల్ల పొట్టేలు, వాడి తోడు మరో ఇద్దరు. కాటుక చావుతో దానిమ్మకి ఏ సంబంధమూ లేదు. అప్పుడు వాడు మందలోనే తల్లి పక్కన పడుకుని ఉన్నాడు. వాడి తప్పల్లా ఎర్రగా పుట్టడమే. ఇదీ మూటలయ్య చూశాడు. మూతి చెలమలో పెట్టబోతూ చూశాడు, పెట్టకుండానే వెనక్కి వచ్చేశాడు.

మర్నాడు నెమరు సభ పెట్టారు.

నెమరు సభ అంటే ఆ మందలో తరతరాల ఆచారం. మిట్టమధ్యాహ్నం కాపరులు తుమ్మనీడన కునుకు తీస్తుంటే గొర్రెలన్నీ నెమరువేస్తూ కూర్చుంటాయి. సాక్షి చెప్పేది చెబుతాడు. నెమరు అయ్యేదాకా ఎవరూ నోరు తెరిచి ప్రశ్న వేయకూడదు. మేతతో పాటు మాటనీ నమిలి మింగాక, ఒక్కొక్కరూ తమకి తోచింది చెప్పాలి. నెమరేసి మింగింది మళ్లీ నోట్లోకి రాదు కాబట్టి, అక్కడ చెప్పిన మాటని వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. మనుషుల కచేరీల్లో ఈ పద్ధతి లేకపోవడం మనుషుల ఖర్మ.

సభకి పెద్ద గడ్డాలయ్య. మందకి ముందు నడిచే మేకపోతు. ఎవరి పక్షమూ కాదు, అందువల్ల ఎవరికీ ఉపయోగపడేవాడూ కాదు. మందలో ఎవరు పోయినా "ఇది చాలా విచారకరం, అందరూ నిదానంగా ఉండాలి" అని గడ్డం ఊపడం అతని పని.

వకాల్తాకి ఒక నక్క ఉండేది. వలకంచె బయట రేగుపొద కింద కూర్చుని సలహాలు చెప్పేది. నోరు లోపలికి రావచ్చు, పళ్లు మాత్రం బయటే ఉండాలని గొర్రెలు దానితో ఒప్పందం చేసుకున్నాయి. గొర్రెల తెలివి అంతవరకే.

ఆ ఉదయం నక్క ముందు నల్లవాళ్ల వైపు వెళ్లింది. మధ్యాహ్నం సభలో మిమ్మల్ని నిలదీస్తారు, మూడు మాటలు గుర్తుపెట్టుకోండి అంది. వాడు ఒంటరిగా అక్కడికి ఎందుకు పోయాడు అనాలి. వాడేం చేశాడో ఎవరు చూశారు అనాలి. ఎవరో ముగ్గురు చేసినదానికి అందరినీ ఒకే గాటన కడతారా అనాలి. నల్లవాళ్లు ఆ మాటల్ని వల్లెవేసుకున్నారు. వల అవతల కుండల పక్కన నిలబడ్డ మూటలయ్య చెవులు రిక్కించాడు. నెల కిందట ఇవే మూడు మాటల్ని, ఇదే వరసలో, ఇదే గొంతుతో, నక్క ఎర్రవాళ్లకి నేర్పింది.

తర్వాత నక్క ఎర్రవాళ్ల దగ్గరికి పోయి, ఇలాంటి వాళ్లతో ఒకే వలలో ఎలా పడుకుంటారు, రెండు వలలు వేయించుకోండి అని ఎగదోసింది. ఒక మంద రెండు మందలైతే అంచులు కూడా రెండవుతాయి. గొర్రెలకి ఆ లెక్క తట్టలేదు. నక్కకి అదొక్కటే లెక్క.

సభ నిండింది. నల్లవాళ్లు ఒక వైపు, ఎర్రవాళ్లు ఒక వైపు, నడుమ ఒక బండి పోయేంత ఖాళీ. గడ్డాలయ్య గొంతు సవరించుకుని మూటలయ్యని పిలిచాడు.

"మూటలయ్యా, నువ్వు చూసింది చెప్పు. ఒక్క మాట ముందే చెబుతున్నా. ఉద్రేకాలు రేగే రోజులు. పేర్లెత్తవద్దు, రంగులెత్తవద్దు. ఎవరు ఎవరో అందరికీ తెలుసు కదా. ఏం జరిగిందో అది మాత్రం చెప్పు."

మూటలయ్య తల వంచుకుని నిలబడ్డాడు. దానిమ్మ సంగతి చెప్పాలనే వచ్చాడు. కానీ నల్లవాళ్ల నోళ్లలో ఆ మూడు మాటలు సిద్ధంగా ఉన్నాయని అతనికి తెలుసు. ఎర్రవాళ్ల కళ్లలో నీళ్లు సిద్ధంగా ఉన్నాయని తెలుసు. నెల కిందట ఇవి అటున్నాయి, అవి ఇటున్నాయి. ఏం చెప్పినా ఈ సభ వినేది రంగునే. రంగు ఎత్తవద్దని పెద్దమనిషే అడ్డం పెట్టాడు. సరే, అలాగే కానివ్వమనుకున్నాడు.

నెల రోజులుగా గొంతులో అడ్డుపడి ఉన్న కాటుక కథ మొదలుపెట్టాడు.

ఎప్పుడూ కథ చెప్పేటప్పుడు చెవులాడించి, కాళ్లతో తాళం వేసి, తోకతో దండం పెట్టించే మూటలయ్య, ఆవేళ కదలకుండా చెప్పాడు. దాహంతో చెలమ దగ్గరికి వచ్చాడు ఆ కుర్రాడు. ఏడాది నిండలేదు, కొమ్ములు ఇంకా మొలిచీ మొలవలేదు. నీళ్లలో మూతి పెట్టబోతుంటే ముగ్గురు అడ్డం వచ్చారు. నువ్వు మూతి పెడితే నీళ్లకి నీ రంగు అంటుకుంటుంది, మేం తాగొద్దా అన్నారు. కుర్రాడికి అది హాస్యం అనిపించింది.

"రంగు వదిలేదే అయితే మా అమ్మ నాకి నాకి ఎప్పుడో వదలగొట్టేది అన్నాడు. అని నవ్వాడు. ఆ నవ్వుకే కుమ్మారు."

మొదటి దెబ్బకి మోకాళ్ల మీద పడ్డాడని, లేచి దారి ఇవ్వండి పోతానన్నాడని, దారి ఇవ్వలేదని చెప్పాడు. ముగ్గురూ వెనక్కి నడిచి, పరుగు తీసి, మళ్లీ కుమ్మారని చెప్పాడు. తను గట్టు మీద ఉండి ఒక్క ఓండ్ర పెట్టి ఉంటే కాపరి లేచేవాడని, పెట్టలేదని కూడా చెప్పాడు. చివరికి కుర్రాడు మంద వైపు తల తిప్పి పడుకున్నాడని చెప్పి ఊరుకున్నాడు.

ఎనిమిది వందల దవడలు నమిలే చప్పుడు తప్ప ఇంకేదీ వినబడలేదు. ఎర్రగొర్రెల్లో తల్లుల కళ్ల నుంచి నీళ్లు జారి ఇసకలో గుంటలు పడ్డాయి. నల్లగొర్రెలు నేల చూపులు చూస్తున్నాయి. వాటిలో ఒక్క నీలవ్వ మాత్రం, నాకి నాకి అన్న మాట దగ్గర నమలడం ఆపి, మళ్లీ మొదలుపెట్టింది.

నెమరు అయింది. మొదట లేచినవాడు కుంకుమమ్మ తమ్ముడు రాగన్న. వయసు మీదున్న ఎర్ర పొట్టేలు. చెలమ దగ్గర కాటుకని కుమ్మిన ముగ్గురిలో వాడొకడు. ఇప్పుడు విన్నది తన పనేనని వాడికి తోచనే లేదు. వాడి జ్ఞాపకంలో అది తోపులాట. ఇందాక విన్నది హత్య.

"పసివాడు, దారి ఇవ్వండి పోతానన్నాక కూడా కుమ్మారంటే వాళ్లవి ప్రాణాలా? వానలు పడేదాకా ఆ ముగ్గురూ అంచు వరసలోనే పడుకోవాలి. ఒక్క వంతు కూడా తప్పకూడదు. పోయినవాడి కోసం మందంతా ఒక పూట మేత మానాలి. ఇంతకు తగ్గితే అది సభే కాదు" అన్నాడు.

ఎర్రవాళ్లంతా ఒక్క గొంతుతో అవునన్నారు.

నల్లవాళ్ల వైపు నుంచి మసెన్న లేచాడు. వాడు నక్క పాఠాన్ని తు.చ. తప్పకుండా అప్పజెప్పాడు. పోయినందుకు బాధే గానీ, ఒంటరిగా అక్కడికి ఎందుకు పోవాలి అన్నాడు. నవ్వాడంటున్నారు, ఎలా నవ్వాడో, ఎంత రెచ్చగొట్టాడో ఎవరికి తెలుసు అన్నాడు. అసలు వాడు మొదటి నుంచీ తలబిరుసు అని విన్నాననీ, అలాంటివాడికి ఏనాటికైనా ఇదే గతి పట్టేదనీ అన్నాడు. నల్లవాళ్ల తలలు వరసగా ఊగాయి. వాటిలో నీలవ్వ తల కూడా ఊగింది. తన కొడుకు పోయినప్పుడు రాలని కన్నీళ్లు ఇప్పుడు ఎర్రవాడి కోసం వరద కడుతుంటే ఆమె కడుపు మండి ఉంది.

మూటలయ్య అది చూశాడు. చూడలేక కళ్లు మూసుకున్నాడు.

"అందరూ మింగేశారా?" అని అడిగాడు గడ్డాలయ్య.

మింగేశామన్నారు.

"అయితే ఇప్పుడు పేరు చెబుతాను పెద్దాయనా" అన్నాడు మూటలయ్య. "నేను చెప్పింది దానిమ్మ కథ కాదు. కాటుక కథ. నెల కిందట తోపులాట అని నేను మింగేసిన కథ. కుమ్మిన ముగ్గురూ ఎర్రవాళ్లు. వాళ్లలో ఒకడు ఇప్పుడే తీర్పు చెప్పి కూర్చున్నాడు."

ఆ తర్వాత కాసేపు ఆ చేలో ఎంత నిశ్శబ్దమంటే, గుట్ట అవతలి ఊళ్లో ఒక చీమ తుమ్మితే ఇక్కడ ఇద్దరు ఉలిక్కిపడ్డారు.

రాగన్న లేచి కూర్చున్నాడు, కూర్చుని లేచాడు. ఆ సంగతి వేరు, ఈ సంగతి వేరు అన్నాడు. అది నెల కిందటిది, పాతబడింది అన్నాడు. మసెన్న తన తోడు ఇద్దరి వెనక్కి జరిగాడు. వాడు తలబిరుసు అని తిట్టింది తన చిన్నాన్న మనవడిని. ఇదే గతి పట్టేదని చెప్పింది, ఎవడి పేరు చెప్పుకుని దానిమ్మని చంపాడో ఆ కాటుకకే. రేగుపొద కింద నుంచి నక్క రెండు వైపులకీ ఒకే సలహా విసిరింది. "రెండూ వేరు వేరని వాదించండి. మీది వేరు, వాళ్లది వేరు. గట్టిగా పట్టుకోండి." ఆ సలహా నల్లవాళ్లకీ ఎర్రవాళ్లకీ ఒకేసారి వినబడింది. ఇన్నాళ్లూ అది విడివిడిగా చెవుల్లో పడేది.

నీలవ్వ లేచింది. అందరూ దారి ఇచ్చారు. ఆమె మూటలయ్య ముందుకు వచ్చి ఆగింది. నెలలో మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

"నవ్వాడా నా కొడుకు?"

"నవ్వాడు నీలవ్వా."

"మరి అప్పుడెందుకు చెప్పలేదు మామా?"

వరద కథకి వంద కారణాలు చెప్పగల మూటలయ్య దగ్గర దీనికి ఒకటే ఉంది. తను రోజూ ఎర్రవాళ్ల నడిమి వరసలో, వెచ్చగా, భయం లేని చోట పడుకుంటానని, నిజం చెబితే ఆ చోటు పోతుందనుకున్నానని చెప్పాడు. చెప్పాక తనకే అది ఎంత చిన్నదో వినబడింది.

నీలవ్వ తనవాళ్ల వైపు తిరిగింది.

"నా బిడ్డని ఇందాక మీరంతా తిట్టారు. నేనూ తల ఊపాను. ఒంటరిగా ఎందుకు పోయాడని కన్నతల్లినే తల ఊపాను. కుంకుమమ్మ కొడుకనుకున్నాను కాబట్టి ఊపాను. ఇంక నేను ఎవరిని తిట్టను?"

అని, నడుమనున్న ఖాళీ దాటి కుంకుమమ్మ దగ్గరికి నడిచింది. ఎండ మండిపోతుంటే గొర్రెలు ఒకదాని పొట్టనీడలో ఇంకొకటి తల పెట్టుకుంటాయి. నీలవ్వ కుంకుమమ్మ పొట్ట కిందికి తల వంచింది. కుంకుమమ్మ మొదట ఒళ్లు బిగబట్టుకుంది. ఎదురుగా తన తమ్ముడు, తన కొడుకుని చంపినవాడు, ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఎవరిని చూడాలో ఆమెకి తెలియలేదు. కాసేపటికి పక్కకి కొద్దిగా జరిగి, నీడ సరిగ్గా పడేలా నిలబడింది.

"మా రాగన్న చెప్పిన తీర్పే ఉండనివ్వండి పెద్దాయనా" అంది. "వాడికీ, నా కొడుకుని చంపినవాళ్లకీ. ఇద్దరు కొడుకులకీ కలిపి రెండు పూటలు మేత మానదాం."

గడ్డాలయ్య అలవాటు కొద్దీ ఇది చాలా విచారకరం అనబోయాడు. కుంకుమమ్మ అతని వంక చూసింది. అతను గడ్డం ఊపడం కూడా మానేసి, నెమరేసి మింగింది వెనక్కి రాదు కాబట్టి తీర్పు తీర్పే అన్నాడు. అతని జీవితంలో సూటిగా అన్న మాట అదొక్కటే.

ఆ రెండు పూటలూ ఎనిమిది వందల గొర్రెలు మేత ముట్టలేదు. ఎర్రవాళ్లలో కొందరు గొణిగారు, నల్లవాళ్లలో కొందరు గొణిగారు. గొణుగుడు మాత్రం అచ్చం ఒకేలా ఉంది. మూటలయ్య తన వెచ్చని చోటు వదిలి తనంతట తానే అంచుకి మారాడు. నీలవ్వ అతన్ని క్షమించానని ఏనాడూ అనలేదు. రోజూ మధ్యాహ్నం వచ్చి, నా కొడుకు నవ్విన సంగతి ఇంకోసారి చెప్పు మామా అనేది. అతను ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా చెప్పేవాడు. వినడానికి అప్పుడప్పుడు కుంకుమమ్మ కూడా వచ్చేది.

ఇక నక్క సంగతి. రెండు వలలు పడతాయని, అంచు పలచబడుతుందని అది లొట్టలు వేసుకుంటూ మూడో రోజు తెల్లారగట్ల వచ్చింది. చూస్తే ఒకటే వల. వల వెంబడి ఆరుగురు కొమ్ముల పొట్టేళ్లు, ముగ్గురు నల్లవాళ్లు, ముగ్గురు ఎర్రవాళ్లు, ఒక నల్లవాడి పక్కన ఒక ఎర్రవాడు చొప్పున. ఒకడంటే ఒకడికి నమ్మకం లేదు కాబట్టి ఆరుగురిలో ఒక్కడూ కన్ను మూయలేదు. నక్క రాగన్న వైపు వంగి, ఆ సంగతి వేరు అల్లుడూ అని మొదలుపెట్టింది. మసెన్న అటు నుంచి, రాగన్న ఇటు నుంచి, ఒకేసారి కొమ్ములు వంచారు. నక్క తోక సగం వలలోనే ఉండిపోయింది. మిగతా సగంతో అది మూడు జిల్లాలు ఒక్క ఊపున దాటింది.

పోయినవాడి రంగు అడిగాక వచ్చే కన్నీళ్లు ఆ రంగుకే చెందుతాయి, పోయినవాడికి చెందవు.